మూలపాఠం నుండి కంప్యూటరు

కంప్యూటరు ప్రయోగశాల లేని కళాశాల ఈనాడు అరుదు. విద్యార్థులు వస్తారు, మీట నొక్కుతారు, వెలిగిన తెర మీద ఆనాటికి నిర్ణయించిన అభ్యాసం పూర్తి చేస్తారు, హాజరు వేయించుకొని వెళ్తారు. మూడేండ్లు ఇట్లా గడిచిన పిదప చేతికి పట్టా వస్తుంది. ఆ తెర వెనుక పని చేస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కడి నుండి వచ్చింది, ఎవరు రాశారు, ఏయే భాగాలు కూడితే అది ఒక వ్యవస్థ అయింది అన్న ప్రశ్నలు పాఠ్యపుస్తకంలో ఒక అధ్యాయంగా ఉంటాయి గాని చేతికి తగలవు. రసాయనశాస్త్ర విద్యార్థి లవణాన్ని స్వయంగా పరీక్షించి చూడకుండా పట్టా పొందడు. వృక్షశాస్త్ర విద్యార్థి కాండాన్ని కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టకుండా పొందడు. కంప్యూటరు విద్యార్థికి మాత్రం ఇట్టి నియమం లేకపోవడం మాకు వింతగా తోస్తున్నది.

ఈ లోటు తీరడానికి ఒక మార్గం ఉన్నదనీ, అది మన వంటి కళాశాలకు అందని పండు కాదనీ ఇక్కడ మనవి చేయదలచాము. అరచేతిలో ఇమిడే చిన్న బోర్డు కంప్యూటరు మీద, తయారైన వ్యవస్థను తెచ్చి ఎక్కించకుండా, మూలపాఠం నుండి లినక్స్‌ను ప్రతి కంప్యూటరు విద్యార్థీ ఒక్కసారైనా నిర్మించి తీరాలని మా అభిప్రాయం.

మూలపాఠం అన్న మాటను కొంచెం వివరించాలి. ప్రోగ్రామును మనిషి రాసే రూపం వేరు, యంత్రం నడిపే రూపం వేరు. మనిషి రాసిన దానిని సోర్సు కోడు అంటారు. కంపైలర్ అనే మరొక ప్రోగ్రాము దానిని చదివి యంత్రానికి తెలిసిన అంకెలుగా మారుస్తుంది. మనకు సాధారణంగా చేరేది ఈ రెండవ రూపమే. డెబియన్, ఉబుంటు వంటి లినక్స్ పంపిణీలు మూలపాఠాన్ని దాచవు, అడిగినవారికి ఇస్తాయి. కాని వండిన అన్నం పళ్ళెంలోకి వచ్చిన తరువాత బియ్యం సంగతి అడిగేవారెవరు?

జెంటూ అనే పంపిణీ పద్ధతి ఇందుకు భిన్నమైనది. డేనియల్ రాబిన్స్ ప్రారంభించిన ఈ వ్యవస్థ 1.0 సంఖ్యతో 2002 మార్చిలో విడుదలైంది. ఇందులో పోర్టేజ్ అనే నిర్వాహక ప్రోగ్రాము ఉన్నది. ఏదైనా ఒక సాధనం కావాలని అడిగితే అది మొదట మూలపాఠాన్ని తెస్తుంది, కావలసిన సవరణలు చేస్తుంది, మన యంత్రం మీదనే, మన కళ్ళెదుటనే కంపైల్ చేసి ప్రతిష్ఠిస్తుంది. ఇంతకంటె కఠినమైనది గెరార్డ్ బీక్‌మన్స్ 1999లో ప్రారంభించిన లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్. అది పంపిణీ కాదు, ఒక గ్రంథం. దానిని అనుసరించి ప్రతి ఆదేశాన్నీ పాఠకుడే చేతితో ఇచ్చుకోవాలి. మా సూచన జెంటూ వరకే. ఆ గ్రంథాన్ని ఉత్సాహవంతులకు వదిలివేద్దాం.

జెంటూ అన్న పేరు వినగానే మన పాఠకులకు ఒక విషయం చెప్పకుండా ఉండలేము. ఆ పేరు నీటిలో మిక్కిలి వేగంగా ఈదే ఒక పెంగ్విన్ జాతిది. లినక్స్ చిహ్నం పెంగ్విన్ గనుక అట్లా పెట్టారు. కాని అంతకు పూర్వం ఈస్టిండియా కంపెనీ నాటి ఇంగ్లీషువారు జెంటూ అన్నది మన తెలుగును! పోర్చుగీసులో అన్యమతస్థుడు అనే అర్థం గల మాట నుండి వచ్చిన పేరది. 1817లో మద్రాసులో అచ్చయిన విలియం బ్రౌన్ తెలుగు వ్యాకరణం పేరు జెంటూ భాషా వ్యాకరణమే. ఉర్దూ మిత్రులు చిన్నబుచ్చుకోనక్కరలేదు. ఆ కాలపు ఇంగ్లీషు వ్యాకరణాలలో వారి హిందుస్తానీకి మూర్స్ అని పేరు. ఈ సంచికలో పక్కపక్కనే అచ్చవుతున్న రెండు భాషలకూ ఒకప్పుడు పరాయివారు పెట్టిన పేర్లివి.

ఇక బోర్డు సంగతి. రాస్‌బెర్రీ పై అనే ఈ యంత్రం 2012 ఫిబ్రవరి 29న ఇంగ్లండులో వెలువడింది. పొడవు 85 మిల్లీమీటర్లు, వెడల్పు 56 మిల్లీమీటర్లు. ఆనాటి వెల 35 డాలర్లు, జ్ఞాపకశక్తి 256 మెగాబైట్లు. దాని పుట్టుకకు కారణం మన సమస్యే కావడం గమనించదగినది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో కంప్యూటరు శాస్త్రం చదవడానికి వచ్చే విద్యార్థులకు యంత్రంతో చేతి పరిచయం ఏటేటా తగ్గిపోతున్నదని ఎబెన్ అప్టన్, ఆయన సహచరులు గమనించారు. 1980ల నాటి పిల్లలు బీబీసీ మైక్రో వంటి యంత్రం ముందు కూర్చుంటే ప్రోగ్రాము రాయక తప్పేది కాదు. తరువాతి తరానికి తయారైన బొమ్మలు వచ్చాయి. బీబీసీ మైక్రోను 1981లో తయారుచేసిన ఏకార్న్ సంస్థలోనే సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ రూపొందించిన ఆర్మ్ ప్రాసెసర్ 1985 ఏప్రిల్‌లో ప్రాణం పోసుకున్నది. నేడు రాస్‌బెర్రీ పైలోనూ, మన జేబులలోని ఫోనులలోనూ ఉన్నది ఆ వంశానికి చెందినదే. పిల్లలు లోపలికి తొంగిచూడాలని తయారైన బోర్డు మీద కూడ తయారైన వ్యవస్థను ఎక్కించి ఊరుకుంటే, తాళపుచెవి చేతిలో పెట్టుకొని గుమ్మం బయట నిలబడినట్లే.

పెద్ద యంత్రం మీద ఈ పని ఇంకా సులువు కదా, చిన్న బోర్డు ఎందుకని కొందరు అడుగుతారు. సులువు కావడమే అక్కడి లోపమని మేము అంటాము. పెద్ద యంత్రంలో జ్ఞాపకశక్తి పుష్కలం. తప్పు చేసినా అది మింగేస్తుంది. చిన్న బోర్డు మింగదు, విద్యార్థి ముందు పెడుతుంది. ఒక ఉదాహరణ చూడండి. రాస్‌బెర్రీ పై 4లో నాలుగు కోరులు ఉంటాయి. నాలుగు పనులు ఒకేసారి చేయించవచ్చునని విద్యార్థి ఆశపడతాడు. కాని ఒక్కొక్క కంపైలు పనికి రెండు గిగాబైట్ల జ్ఞాపకశక్తి లెక్కవేసుకోవాలని జెంటూ కరదీపిక చెబుతుంది. బోర్డులో ఉన్నది నాలుగు గిగాబైట్లయితే నాలుగు కోరులున్నా రెండు పనులే సాగుతాయి. ఈ లెక్క వేయకుండా నాలుగూ మొదలుపెట్టిన విద్యార్థికి అర్ధరాత్రి వేళ తెర మీద ‘కిల్డ్’ అన్న మాట కనిపిస్తుంది. మూలపాఠంలో దోషమున్నదని వెతుకుతాడు, ఏమీ దొరకదు. చివరకు కెర్నెల్ రాసిపెట్టుకున్న దినచర్యను తిరగవేస్తే, జ్ఞాపకశక్తి చాలక కెర్నెలే స్వయంగా కంపైలర్‌ను బలి ఇచ్చిందని తెలుస్తుంది. పాఠ్యపుస్తకంలో జ్ఞాపకశక్తి నిర్వహణ అన్న అధ్యాయాన్ని పదిసార్లు వల్లించినా ఆ ఒక్క రాత్రి నేర్పినంత నేర్పదు.

గడియారం సంగతి కూడ అట్టిదే. రాస్‌బెర్రీ పై 4 వరకు వచ్చిన బోర్డులలో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. 5వ దానిలో గడియారం ఉన్నది గాని బ్యాటరీ విడిగా కొనుక్కోవాలి. విద్యుత్తు పోయి వచ్చిందనుకోండి, నెట్‌వర్కు అందకపోతే బోర్డు తానింకా గతంలోనే ఉన్నాననుకుంటుంది. కంపైలు పనులను నడిపించే మేక్ అనే ప్రోగ్రాము ఏ ఫైలు కొత్తది, ఏది పాతది అని తేదీలను బట్టి నిర్ణయిస్తుంది. రేపటి తేదీ గల ఫైళ్ళు ఎదురైతే అది తికమకపడుతుంది. గుప్తలేఖన ధ్రువపత్రాల గడువులు పొంతన కుదరక, మూలపాఠం తెచ్చుకోవడం సైతం ఆగిపోతుంది. కరెంటు కోత మన జీవితంలో భాగమే గాని, కాలం అన్నది కంప్యూటరు లోపల ఎన్ని పనులకు ఆధారమో అప్పుడు గాని తెలియదు. ఇక మెమరీ కార్డు సంగతి చెప్పనే అక్కరలేదు. నిరంతరం రాస్తూ పోతే అది అరిగిపోతుంది గనుక కంపైలు పని జరిగే స్థలాన్ని యూఎస్‌బీ డిస్కు మీదికి మార్చాలి.

మరొక లోతైన పాఠం ఉన్నది. కంపైలర్ కూడ ఒక ప్రోగ్రామే. దానిని కంపైల్ చేయడానికి మరొక కంపైలర్ కావాలి. మన ఇండ్లలో పాలు తోడుపెట్టడానికి నిన్నటి పెరుగు కావలసినట్లే ఇది. జెంటూ సైతం శూన్యం నుండి మొదలుకాదు. స్టేజ్ 3 అనే మూటలో కంపైలరు, అత్యవసర సాధనాలు తయారుగా ఇస్తారు. అదే తోడు. దానితో మిగిలినదంతా, చివరకు ఆ కంపైలర్‌ను కూడ, మళ్ళీ నిర్మించుకుంటాము. ఐతే తోడులోనే చేదు ఉంటే? యూనిక్స్ నిర్మాతలలో ఒకరైన కెన్ థాంప్సన్ 1984లో ప్రచురితమైన తన ట్యూరింగ్ పురస్కార ఉపన్యాసంలో ఈ ప్రశ్ననే లేవనెత్తారు. కంపైలర్‌లో ఒక దొంగదారి పెట్టి, దాని ఆనవాలు మూలపాఠంలో ఎక్కడా లేకుండా, తరతరాలుగా తనంతట తానే సంక్రమించేటట్లు చేయవచ్చునని ఆయన నిరూపించారు. నమ్మకం అన్నది ఎక్కడ మొదలవుతుంది, ఎవరి చేతి తోడును మనం వాడుతున్నాము అన్న ప్రశ్న ఇరవై ఏండ్ల విద్యార్థి మనస్సులో ఒకసారి పడితే అది అక్కడ నిలిచిపోతుంది.

మన కళాశాలకు ఈ పని విశేషంగా తగినదని మేము అనడానికి అసలు కారణం వేరే ఉన్నది. అది లిపి.

తెలుగులో ‘స్త్రీ’ అని ఒక అక్షరం రాస్తాము. యూనికోడ్ లెక్కలో అది ఒకటి కాదు, ఆరు సంకేతాలు. ఆ ఆరింటినీ కలిపి ఒక రూపంగా తెర మీద నిలబెట్టడం చిన్న పని కాదు. ఉర్దూ నస్తాలీఖ్‌లో అక్షరం తన స్థానాన్ని బట్టి రూపం మార్చుకోవడమే గాక పదం మొత్తం కుడి నుండి ఎడమకు వాలుగా దిగుతుంది. ఒకప్పుడు కాతిబు కలం చేసిన ఈ పనిని నేడు లినక్స్ లోకంలో ఎక్కువగా చేసేది హార్ఫ్‌బజ్ అనే ప్రోగ్రాము. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రే ఆఫీస్ ఇవన్నీ దాని మీదనే ఆధారపడ్డాయి. ఆ పేరు ఉర్దూ పాఠకులకు వెంటనే అర్థమవుతుంది. హర్ఫ్ అంటే అక్షరం, బాజ్ అంటే ఫారసీలో తెరచినది. ఇరాన్ నుండి వచ్చిన బెహ్‌దాద్ ఎస్ఫాబోద్ దాని ప్రధాన నిర్మాత. తెలుగు విద్యార్థి ‘స్త్రీ’ సరిగా కనిపించడానికీ, ఉర్దూ విద్యార్థి నస్తాలీఖ్ సరిగా కనిపించడానికీ ఒకే మూలపాఠం కారణమని మన ఇద్దరికీ ఎవరూ చెప్పలేదు.

జెంటూలో ఈ మూలపాఠం దాటిపోవడానికి వీలులేకుండా ఎదురవుతుంది. అందులో యూజ్ ఫ్లాగులు అనే ఎంపికలు ఉంటాయి. ముద్రణ కావాలా, బ్లూటూత్ కావాలా, ఫలానా లిపి సౌకర్యం కావాలా అని ప్రతి దానికీ మనమే అవునో కాదో చెప్పాలి. చెప్పాలంటే అదేమిటో ముందు తెలియాలి. ఏండ్ల తరబడి జెంటూ వాడుకరులను వేధించిన ఒక చిక్కు కూడ ఇక్కడిదే. అక్షరరూపాలను గీసే ఫ్రీటైప్‌కు హార్ఫ్‌బజ్ కావాలి, హార్ఫ్‌బజ్‌కు ఫ్రీటైప్ కావాలి. రెండింటిలో ఏది ముందు? ఫ్రీటైప్‌ను ముందు హార్ఫ్‌బజ్ లేకుండా కట్టి, ఆపైన హార్ఫ్‌బజ్‌ను కట్టి, తిరిగి ఫ్రీటైప్‌ను సంపూర్ణంగా కట్టడం దానికి విరుగుడు. ఆ ముడి విప్పిన విద్యార్థి తన లిపి తెర మీదికి వచ్చే మార్గాన్ని ఆ మేరకు నడిచి చూసినవాడవుతాడు.

ఇది కేవలం కుతూహలం కాదు. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ ఫోనులకు ఏమైందో చాలామందికి జ్ఞాపకముండవచ్చు. ‘జ్ఞ’కు సంబంధించిన ఒక తెలుగు కూర్పు సందేశంలో వస్తే చాలు, దానిని చూపించబోయిన ప్రోగ్రాము కుప్పకూలేది. జ్ఞానం అన్న మాటకు మొదటి అక్షరమే అది! ప్రపంచమంతటా పత్రికలు దానిని ప్రాణాంతక అక్షరమన్నట్లు రాశాయి. ఆ నెల 19న 11.2.6 అనే సవరణ వచ్చేదాకా తెలుగువారు చేయగలిగినది ఎదురుచూడటమే. ఆ అక్షరాన్ని ఐదేండ్ల వయస్సు నుండి రాస్తున్న కోట్లమందిలో ఎవరికీ ఆ మూలపాఠం తెరచి చూసే వీలు లేదు. తెరచిన మూలపాఠంలో తప్పులు ఉండవని మేము అనము. ఐతే అక్కడ మన లిపి తెలిసిన మనిషి వెళ్ళి ఇదిగో తప్పు ఇక్కడ ఉన్నదని చూపించవచ్చు. చూపించడానికి ఒకరు ఉండాలి గదా. తెలుగు అక్షరం ఎక్కడ విరగాలో, నస్తాలీఖ్ ఎక్కడ వాలాలో తెలిసిన యువతీయువకులు ఒకే కప్పు కింద చదివే కళాశాలలు ఎన్ని ఉన్నాయి?

పాలక సంఘం పెద్దలు ఒక ఆక్షేపణ చెప్పవచ్చు. తయారైన వ్యవస్థ పది నిమిషాలలో ఎక్కుతుంది. దీనికి రోజులు పడతాయి. ఒక్క కంపైలర్‌నే తిరిగి నిర్మించడానికి చిన్న బోర్డు గంటల తరబడి శ్రమిస్తుంది. సమయం, విద్యుత్తు దండుగ కాదా? నిత్యవాడుకకు ఐతే దండుగే. ప్రయోగశాలలోని యంత్రాలన్నిటినీ ఈ పద్ధతికి మార్చమని మేము అడగడం లేదు. జెంటూవారు సైతం 2023 డిసెంబరులో తయారైన బైనరీ ప్యాకేజీలను అధికారికంగా అందించడం మొదలుపెట్టారు. స్వయంగా కంపైల్ చేస్తే యంత్రం వేగం విపరీతంగా పెరుగుతుందని కొందరు ఔత్సాహికులు చెప్పే మాటను కూడ మేము నమ్మము. పెరిగే ఆ కొంచెం వేగం కంపైలు చేయడంలో పోయిన రాత్రులకు బదులు తీర్చలేదు. మేము అడిగేది చదువు కోసం, అదీ ఒక్కసారి.

మరొక ఆక్షేపణ విద్యార్థుల నుండి వస్తుంది: ఉద్యోగానికి ఇది పనికివస్తుందా? ప్రకటనలలో జెంటూ అన్న మాట కనిపించదు, నిజమే. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే ఇంజనీరు బయటపెట్టిన సంగతి దీనికి మా సమాధానం. తన యంత్రంలోకి ప్రవేశించడానికి అర సెకను ఆలస్యమవుతున్నదేమని ఆయనకు సందేహం కలిగింది. ఎవరూ పట్టించుకోని అర సెకను! తవ్వుకుంటూ పోతే, ఎక్స్‌జెడ్ అనే చిన్న సంపీడన సాధనంలో ఎవరో దొంగదారి పెట్టారని తేలింది. దానిని మేల్కొలిపే చిన్న లిపిఖండం అందరూ చూసే బహిరంగ భాండాగారంలో లేదు, విడుదల చేసిన మూటలో మాత్రమే ఉన్నది. అంటే మూలపాఠం బహిరంగంగా ఉంటే చాలునన్న ధీమా కూడ అక్కడ పనిచేయలేదు. మూటలో ఏమున్నది, నిర్మాణంలో ఏ అడుగున ఏమి జరుగుతున్నది అని చూసే అలవాటున్న మనిషి పని చేశాడు. ఏ సంస్థ ఐనా అట్టి మనిషిని వదులుకోదని మా నమ్మకం.

సత్యాన్ని దాచకుండా మరొకటి చెప్పాలి. ఇంత చేసినా రాస్‌బెర్రీ పై మీద అంతా మూలపాఠం నుండి వచ్చినదే అని చెప్పలేము. మీట నొక్కగానే ముందుగా మేలుకొనేది బ్రాడ్‌కామ్ చిప్పులోని చిత్రవిభాగం. దానిని నడిపే ఆరంభ ప్రోగ్రాము మూలపాఠం బయటివారికి ఇవ్వలేదు. ఆర్మ్ ప్రాసెసర్, లినక్స్ కెర్నెల్ ఆ తరువాత వస్తాయి. ఈ సంగతి విద్యార్థికి మొదటిరోజే చెప్పాలి. గోడ ఎక్కడ ఉన్నదో తెలియడం కూడ చదువే.

ఉర్దూ మాధ్యమం నుండి, తెలుగు మాధ్యమం నుండి వచ్చిన పిల్లలు తెర మీద ఇంగ్లీషులో దోషసందేశం రాగానే చేతులు వెనక్కు తీసుకుంటారు. ఇది ప్రయోగశాలలో ప్రతిదినం కనిపించే దృశ్యమే. వారికి రాని ఇంగ్లీషు వేరు, ఈ ఇంగ్లీషు వేరు. కంపైలర్ మాట్లాడే భాషలో పదాలు కొద్ది. ‘నిర్వచించబడలేదు’, ‘ఫైలు లేదు’, ‘అనుమతి లేదు’, ఇట్టివే మళ్ళీ మళ్ళీ వస్తాయి. రెండు వారాల పాటు అవే మాటలు వందలసార్లు చదివిన విద్యార్థికి ఆ భయం పోతుంది. జెంటూ అమరికలో కోరిన భాషల వరుస ఒకటి ఉన్నది. అక్కడ తెలుగు, ఉర్దూ అని రాసుకుంటే అనువాదాలున్న ప్రోగ్రాములు ఆ భాషలలో వస్తాయి. లేని చోట ఇంగ్లీషే నిలిచి ఉంటుంది. ఎన్ని చోట్ల నిలిచి ఉన్నదో అప్పుడు కంటికి కనిపిస్తుంది.

కనుక మా సూచన ఇది. ప్రయోగశాలలో ఒక మూలన ఆరు బోర్డులు, నాలుగు గిగాబైట్ల జ్ఞాపకశక్తి గలవి, ఏర్పాటు చేయాలి. వేసవి సెలవులలో రెండు వారాలు, ఇద్దరిద్దరు చొప్పున, వీలైనంతవరకు ఒకరు ఉర్దూ, ఒకరు తెలుగు మాధ్యమం వారు ఉండేటట్లు చూడాలి. కార్డు చెడిపోతే తిరిగి రాసుకోవచ్చు గనుక విద్యార్థి చేతికి ఇవ్వడానికి భయపడనక్కరలేదు. ప్రతి జంటా తాము ఇచ్చిన ఆదేశాలు, ఎదురైన దోషాలు, విప్పిన ముడులు ఒక నోటుపుస్తకంలో తమ భాషలో రాసి గ్రంథాలయానికి ఇవ్వాలి. తరువాతి సంవత్సరం వారికి అదే తోడు. బోర్డులతో పాటు ఉష్ణాన్ని తగ్గించే పలకలు, చిన్న పంఖాలు కూడ అడగవలసి ఉన్నది. వేసవి గదిలో 80 డిగ్రీలు దాటితే ఆ ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది.

విద్యుత్ అడాప్టర్ల దగ్గర మాత్రం పొదుపు చూడవద్దని సంఘం వారికి మా మనవి. రాస్‌బెర్రీ పై 4కు 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు కావాలి. పాత ఫోను చార్జర్లతో సరిపెడితే, కంపైలు భారం పడిన వేళ వోల్టేజి 4.63కు దిగిపోయి తెర మూలన మెరుపు గుర్తు వెలుగుతుంది, రాత్రంతా సాగిన పని మధ్యలో నిలిచిపోవచ్చు.